గణితసంకేతములు – తెలుగు లిపి : యంత్రలేఖనమునందలి చిక్కులు

తెలుగు శాఖలో పనిచేయువారికి గణితసంకేతములతో నేమి పని యని కొందఱు శంకింపవచ్చును. ఈ వ్యాసరచనకు మమ్ము పురికొల్పిన సంగతి చిన్నది. మా పరిశోధక విద్యార్థి యొకరు పాత గణిత వాచకము నొకదానిని కంప్యూటరులో ఎక్కించి, శుద్ధప్రతి యని మాకు చూపిరి. అక్షరదోష మొక్కటియు కానరాలేదు. అరసున్నలు, శకటరేఫలు సైతము మూలమునం దున్నట్లే యున్నవి. కాని ‘10⁵’ అని యుండవలసిన చోట ‘105’ అని యున్నది. లక్ష నూటయైదైనది. చదివి దిద్దినవారు ముగ్గురు. ముగ్గురును అక్షరములనే చూచిరి. తప్పు అక్షరములలో లేదు, అక్షరము నిలిచిన చోటులో నున్నది.

ఈ విషయము అల్పమని తోచువారికి మన విశాఖపట్టణము నుండియే యొక ఉదాహరణము చూపుదుము. మన ఉక్కు కర్మాగారపు ద్రవోక్కు ఉత్పత్తి సామర్థ్యము విస్తరణానంతరము సంవత్సరమునకు 73 లక్షల టన్నులు. దీనిని శాస్త్రగ్రంథములలో 7.3 × 10⁶ టన్నులని వ్రాయుదురు. ఒక చోటి నుండి మఱొక చోటికి ఈ పంక్తిని ఎత్తి వ్రాయునప్పుడు పైనున్న 6 క్రిందికి జాఱినచో 7.3 × 106 అగును, అనగా 773.8 టన్నులు. అంత కర్మాగారము ఒక చిన్న కొలిమిగా మాఱిపోవును. మాట పోయినచో చదువరి కనిపెట్టును. అంకె తన ఎత్తును పోగొట్టుకొన్నచో వాక్యము చక్కగానే చదువబడును, అర్థము మాత్రము వేఱగును. ఇదియే ఈ దోషమునందలి ప్రమాదము.

ఇందులకు కారణము నారయుదము. భాషను వ్రాయునపుడు మనము ఒక వరుసలో నడతుము. ఒక ధ్వని తరువాత మఱొక ధ్వని, ఒక పదము తరువాత మఱొక పదము. కంప్యూటరు మూలమున సందేశములు పంపు సామాన్య పద్ధతియు నిట్టిదే. ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యలను వరుసగా పంపును. గణితలేఖన మట్టిది కాదు. అది వరుస కాదు, తలము. అందు అర్థము కుడియెడమలతో పాటు పైక్రిందుల యందును వ్యాపించియుండును. తలమును వరుసగా మార్చునప్పుడు పోవునవి ముఖ్యముగా మూడు: ఎత్తు, వ్యాప్తి, గుర్తు.

ఎత్తును గూర్చి పైన చెప్పితిమి. ఇక వ్యాప్తి. వర్గమూల చిహ్నమునకు పైన నొక కప్పు ఉండును. ఆ కప్పు ఎంతవరకు సాగునో అంతవరకే మూలము వర్తించును. కప్పు 9 + 16 అను మొత్తము మీద పఱచుకొన్నచో ఫలము 5. కప్పు లేక √9 + 16 అని మిగిలినచో మూలము తొమ్మిదికి మాత్రమే చెందును, ఫలము 19. భిన్నమునందలి అడ్డగీతయు నిట్టిదే. 6 + 4 అను మొత్తమును రెండుచే భాగించినచో 5 వచ్చును. ఆ గీత వాలుగీతయై 6 + 4/2 అని యొక వరుసలో పడినచో 8 వచ్చును. కప్పును, గీతయును కేవలాలంకారములు కావు; అవి కుండలీకరణములు చేయు పనినే చేయుచున్నవి. వానిని తొలగించువారు ఆ స్థానమున కుండలీకరణములను చేర్చవలెనని తలపనందున ఈ దోషము పుట్టుచున్నది.

మూడవది గుర్తు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1945లో కలకత్తా గణిత సంఘ పత్రికయందు ప్రకటించిన ఫలితము నేడు ప్రపంచమున క్రామేర్–రావు అసమానత యని ప్రసిద్ధము. దాని సారమును తెలుగున ఇట్లు చెప్పవచ్చును: మన మెఱుగని యొక రాశిని దత్తాంశముల నుండి నిష్పాక్షికముగా అంచనా వేయునపుడు, ఆ అంచనా యొక్క విస్తృతి, అనగా చెదరుదల, సమాచార పరిమాణపు వ్యుత్క్రమము కంటె తక్కువ కాజాలదు. సంకేతలేఖనమున అసలు రాశిని తీటా యను గ్రీకు అక్షరముచేతను, అంచనాను అదే తీటాపై చిన్న టోపీ పెట్టియు సూచింతురు. సత్యమునకును అంచనాకును గల భేదమంతయు ఆ టోపీలోనే యున్నది. ఎత్తి వ్రాయుటలో టోపీ జాఱినచో సూత్రము అసలు రాశి యొక్క విస్తృతిని గూర్చి చెప్పుచున్నట్లగును. అసలు రాశి స్థిరము. దాని విస్తృతి సున్న. సున్న ఒక ధనసంఖ్య కంటె తక్కువ కాదని సూత్రము చెప్పవలసివచ్చును. అనగా సూత్రము అస్పష్టమగుట మాత్రమే కాదు, అసత్యమగుచున్నది. తెలుగువాని పేర వెలసిన సూత్రము తెలుగు పుటలో నిట్లు చెడుట మనకు శోభింపదు.

ఈ చిక్కు యంత్రముతో పుట్టినది కాదు. మన ప్రాచీన గణితజ్ఞులును దీనిని ఎదుర్కొనిరి. క్రీ.శ. 12వ శతాబ్దినాటి భాస్కరాచార్యుల బీజగణితమునందు ఋణసంఖ్యకు పైన చుక్క పెట్టు పద్ధతి కలదు. లేఖకుని ఏమఱుపాటున ఆ చుక్క లోపించినచో ఋణము ధనమగును. భిన్నమును వ్రాయునపుడు లవమును పైనను హారమును క్రిందను ఉంచెడివారు. నడుమ గీత లేదు. ఆ గీత తరువాతి కాలమున అరబ్బు గణితజ్ఞుల వలన వచ్చినది. అయితే అదే బీజగణితమున మఱొక ఉపాయమును కానవచ్చును. అవ్యక్తరాశిని ‘యావత్తావత్’ అని పిలిచి, దాని తొలి అక్షరమైన ‘యా’ను సంకేతముగా గ్రహించిరి. వర్గమునకు ‘వ’, ఘనమునకు ‘ఘ’, వ్యక్తసంఖ్యకు ‘రూ’. రెండవ మూడవ అవ్యక్తములకు కాలక నీలకములను రంగుల పేర్ల నుండి ‘కా’, ‘నీ’. ‘యా వ 1 యా 3 రూ 2’ అని వ్రాసినచో, అవ్యక్తపు వర్గము ఒకటి, అవ్యక్తములు మూడు, వ్యక్తము రెండు అని అర్థము. ఇందు ఘాతము పైకి పోలేదు. అక్షరరూపమున వరుసలోనే నిలిచినది. ఎంత దూరము పంపినను ఇది జాఱిపడదు.

కావ్యరూపమున గణితము చెప్పినవారు ఇంకొక అడుగు ముందుకు వేసిరి. తెలుగున మొదటి గణితగ్రంథమని ప్రసిద్ధి గన్న పావులూరి మల్లన సారసంగ్రహ గణితము, 9వ శతాబ్దినాటి మహావీరాచార్యుల సంస్కృత గణితసారసంగ్రహమునకు తెలుగుసేత. మల్లన రాజరాజనరేంద్రుని కాలమువాడని పెక్కుర అభిప్రాయము. కాలనిర్ణయమున వాదములును గలవు. ఆ వాదముల నటుంచి, ప్రకృతమునకు వలసినది ఇది: గణితమంతయు పద్యమున ఇమిడినది. సంకేతమునకు బదులు పదము, తలమునకు బదులు ఛందస్సు. ఒక పదము లోపించినచో గణము తప్పును, యతి చెడును. చదువరి వెంటనే నిలుచును. భూతసంఖ్యలయందును ఈ రక్షణయే కలదు. శకవర్షము 944, అనగా రాజరాజనరేంద్రుడు పట్టాభిషిక్తుడైన క్రీ.శ. 1022, చెప్పవలసినచో ‘వేద వేద నిధి’ అనవచ్చును. వేదములు నాలుగు, నిధులు తొమ్మిది. అంకెలు కుడి నుండి ఎడమకు నడచును గావున 944 అగును. ఒక అంకె మాఱుట సులభము. ‘వేద’ మనునది ‘నిధి’గా మాఱుట అంత సులభము కాదు.

అట్లని నేడు గణితమును పద్యములలో వ్రాయవలెనని మా మతము కాదు. సంకేతలేఖనము వలన గణితమునకు కలిగిన వేగము, స్పష్టత అందఱు నెఱిగినవే. పూర్వులు లేఖనసాధనము యొక్క బలహీనత నెఱిగి, అర్థమును దానికి లొంగని చోట భద్రపఱచిరని మాత్రమే మేము చెప్పుచున్నాము. మనమును మన సాధనపు బలహీనత నెఱుగవలెను.

ఇక తెలుగు లిపికి ప్రత్యేకమైన చిక్కులు. మొదటిది మన పాత భిన్నచిహ్నములకు సంబంధించినది. లెక్కల కవిలెలలో భిన్నములను నాలుగు చొప్పున విభజించి వ్రాసెడివారు. ఒకటిని నాలుగు చేసినచో కాలు, అర, ముక్కాలు. కాలును మఱల నాలుగు చేసినచో వీసము, పరక, మువ్వీసము. అనగా పదునాఱింట ఒకటి, రెండు, మూడు వంతులు. కాలు వరుసకు నిలువుగీతలు, వీసము వరుసకు అడ్డగీతలు. ఒక నిలువుగీత కాలు, ఒక అడ్డగీత వీసము. గీత తిరిగిన దిక్కే విలువ. యూనికోడునందు తెలుగు లిపికి 1991లోనే స్థానము లభించినను, ఈ భిన్నచిహ్నములకు 2008లో వెలువడిన 5.1వ కూర్పునందు గాని చోటు దొరకలేదు. నేటికిని అనేకులు వీని నెఱుగక, కవిలెలను ఎక్కించునపుడు అడ్డగీతకు బదులు సామాన్యమైన సంధిగీతను వాడుచున్నారు. కంటికి రెండును ఒకటే. యంత్రమునకు మాత్రము వీసము తీసివేత గుర్తగును. సున్న విషయమున నిట్టి పొరపాటే కలదు: తెలుగు అంకెయగు సున్నకు బదులు పూర్ణానుస్వారమును కొట్టినచో రూపము సరిపోవును గాని యంత్రము దానిని సంఖ్యగా గ్రహింపదు, వెదకిన దొరకదు.

రెండవది, మన లిపియే కొంత తలస్వభావము గలది. వత్తులు క్రిందికి దిగును, గుణింతపు గుర్తులు పైకి లేచును. రోమను లిపిలో అక్షరము క్రింద ఖాళీగానుండు చోటనే గణితమున పాదాంకమును ఉంచుదురు. తెలుగున ఆ చోటును వత్తు ముందే ఆక్రమించియుండును. ‘శక్తి’ అను పదము లవమున నున్నచో త వత్తు అడ్డగీతను తాకును. ‘త్వ’ అను సంకేతమునకు ఒకటి రెండు అను పాదాంకములు చేర్చినచో వత్తును అంకెయు ఒకదానిపై నొకటి పడును. రోమను లిపికి కొలిచి చేసిన ఎడములు తెలుగునకు చాలవు.

మూడవది మఱింత చిత్రమైనది. త్రికోణమితియందలి ప్రమేయముల పేర్లను తెలుగు లిపిలో వ్రాయునపుడు అవి పొల్లుతో ముగియును: సైన్, కాస్, టాన్. వాని ప్రక్కన ఎడము లేక తెలుగు అక్షరమును రాశిగా నుంచినచో యంత్రము పొల్లును తరువాతి హల్లును కలిపి సంయుక్తాక్షరము చేయును. ‘కాస్’ ప్రక్కన ‘త’ ఉంచినచో ‘కాస్త’ యగును. త్రికోణమితి పోయి ‘కొంచెము’ అను నర్థము మిగులును! ‘సైన్’ ప్రక్కన ‘క’ ఉంచినచో ‘సైన్క’ యై, క వత్తు పాదాంకమువలె వ్రేలాడును. దీనికి మందు కలదు. రెంటి నడుమ ఎడమైన నుంచవలెను, లేదా యూనికోడునందలి వెడల్పులేని విడదీయు గుర్తునైన వాడవలెను. మందు సులభమే, రోగము నెఱిగినవారు తక్కువ.

పదునైదిరువది యేండ్ల క్రిందటి వరకు అచ్చుపనికి వాడిన ఖతులతో వేఱొక చిక్కు కలదు. వానిలో పెక్కింట తెలుగు అక్షరపు ముక్కలను ఆంగ్లాక్షరములకు కేటాయించిన స్థానములలోనే దాచిరి. అందువలన ఆ ఖతి లేనిచో తెలుగు పాఠము ఆంగ్లాక్షరముల గందరగోళముగా కనబడును. గణితసూత్రమునందలి రోమను అక్షరముపై పొరపాటున ఆ ఖతి పడినచో, అవ్యక్తరాశి యొక తెలుగు ముక్కగా మాఱును. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి మొదలుకొని మన గణిత వాచకములలో పరిభాష తెలుగునను, రాశులు రోమను అక్షరములలోను ఉండుట ఆచారము. రెండు లిపులు ఒకే పంక్తిలో నడచునట్టి యీ గ్రంథములను యూనికోడునకు మార్చునపుడు ప్రతి సూత్రమును మూలముతో పోల్చి చూడక తప్పదు.

ఈ చిక్కులకు లోకమున కనుగొన్న పరిష్కారములను సంగ్రహముగా చెప్పుదుము. అమెరికాయందలి డోనాల్డ్ నూత్ తన గ్రంథపు క్రొత్త కూర్పునకు వచ్చిన ప్రూపులలోని అక్షరసంయోజనము నచ్చక, 1978లో ‘టెక్’ అను వ్యవస్థను వెలువరించెను. దాని మూలసూత్రము గమనింపదగినది. వ్రాయువాడు బొమ్మ గీయడు, నిర్మాణమును చెప్పును. ఇది భిన్నము, ఇది లవము, ఇది హారము, ఇది మూలము, దీని వ్యాప్తి ఇంత, ఇది ఘాతము. గీత యెంత పొడవో, అంకె ఎంత ఎత్తో యంత్రము లెక్కించుకొనును. ఈ ఆలోచననే వలపుటలకు అనువుగా మలచినది ‘మాథ్ఎమ్ఎల్’ అను భాష. 1998లో ప్రమాణముగా అంగీకరింపబడినను, పుటలను చూపు బ్రౌజరులన్నియు దానిని ఒక్కసారిగా స్వీకరింపలేదు. మిక్కిలి వ్యాప్తి గల క్రోమ్ 2013లో చేర్చి వెంటనే తొలగించి, 2023 జనవరిలో గాని మఱల చేర్చలేదు. ప్రమాణమునకును ఆచరణకును నడుమ పాతికేండ్లు గడచినవి.

తెలుగువారు వీనిని వాడునపుడు ఒక జాగ్రత్త వలెను. గణితరీతియందు ఈ వ్యవస్థలు ప్రతి అక్షరమును వేర్వేఱు రాశిగా భావించును. అందు ‘వేగము’ అని నేరుగా కొట్టినచో, పదము ముక్కలై, ఏత్వము, కొమ్ము అక్షరముల నుండి విడివడి చుక్కల వలయములపై నిలుచుట కద్దు. తెలుగు పదమును పాఠముగా గుర్తించు ఆదేశములో ఉంచినచో అది పదముగానే నిలుచును.

ఇన్ని శ్రమలేల, సూత్రమును బొమ్మ తీసి పంపిన చాలదా యని కొందఱందురు. నేడు బోధకులలో ఈ ఆచారమే మెండు. బొమ్మ కంటికి చాలును. కాని బొమ్మలోని దానిని వెదుకలేము, దిద్దలేము, ఎత్తి వ్రాయలేము. అన్నింటికంటె ముఖ్యముగా, దృష్టిలోపము గల విద్యార్థికి చదివి వినిపించు యంత్రము బొమ్మ యెదుట మూగపోవును. నిర్మాణము తెలిపిన సూత్రమును యంత్రము చదువగలదు. అయితే ఏ భాషలో, ఏ క్రమమున చదువవలెను? ఇచ్చట భాషాశాఖల వారి పని వచ్చుచున్నది.

తరగతిలో (క + గ)² అను దానిని మనము ‘క ప్లస్ గ హోల్ స్క్వేర్’ అని చదువుచున్నాము. ఆ ‘హోల్’ అను మాటయే కుండలీకరణమును వినిపించుచున్నది. తెలుగు వాక్యమున కిట్టి అరువు అక్కఱలేదు. ‘క గల మొత్తపు వర్గము’ అన్నచో (క + గ)². ‘క గల వర్గముల మొత్తము’ అన్నచో క² + గ². క మూడు, గ నాలుగు అయినచో మొదటిది 49, రెండవది 25. ఏ క్రియ ముందు జరుగునో దాని పేరు ముందు, ఏది చివర జరుగునో దాని పేరు చివర. విభక్తి చేర్చు మన వాక్యక్రమమే కుండలీకరణము పనిని చేయుచున్నది. భిన్నమున మన క్రమము రోమను లేఖనక్రమమునకు విపరీతము: ‘నాలుగింట మూడు వంతులు’ అనునపుడు హారము ముందు, లవము వెనుక. ఆంగ్లమునకు చేసిన పఠనసూత్రములను తెలుగునకు తొడిగినచో వినువాడు లవహారములను తాఱుమాఱు చేసికొనును. తెలుగున గణితమును బిగ్గఱగా చదువుటకు నియమములు ఏర్పఱచుట వ్యాకర్త పని. యంత్రజ్ఞులు ఆ నియమములను ఆచరణలో పెట్టగలరు గాని కల్పింపజాలరు.

బోధకులును పరిశోధక విద్యార్థులును వెంటనే ఆచరింపదగినవి కొన్ని కలవు. ఒకే వరుసలో వ్రాయక తప్పనిచో ప్రతి కప్పునకు, ప్రతి అడ్డగీతకు బదులు కుండలీకరణములు చేర్చవలెను. ఘాతమును పైకెత్తు వీలు లేనిచో ‘పది యొక్క ఐదవ ఘాతము’ అని మాటలలో వ్రాయవలెను. సూత్రము ప్రక్కనే దాని అర్థమును ఒక తెలుగు వాక్యముగా చెప్పవలెను. సూత్రము చెడినను వాక్యము సాక్షియై నిలుచును. పాత గ్రంథములను ఎక్కించువారు అక్షరశోధనమునకు వేఱుగా సంకేతశోధనము చేయవలెను. చేయువారు లెక్క వేసి ఫలము సరిచూడవలెను. పాత భిన్నచిహ్నములకు వానికై ఏర్పడిన సంకేతములనే వాడవలెను.

మా విద్యార్థి ప్రతిని ఈ పద్ధతిని మఱల పరీక్షించితిమి. ప్రతి లెక్కను వేసి చూచితిమి. అక్షరశోధనమున కనబడని తప్పులు పుటపుటకు బయటపడినవి. ఆ విద్యార్థి నొచ్చుకొనిరి. నొచ్చుకొనవలసిన పని లేదంటిమి. తాళపత్రములు వ్రాసిన లేఖకుడు చుక్కను మఱచినచో ఆ తప్పు ఒక్క ప్రతిలో నిలిచెడిది. నేడు ఎక్కించిన తప్పు క్షణములో వేయి ప్రతులగును. మూలము శిథిలమైన పిమ్మట అదియే మూలమగును. కావున గణితగ్రంథములు మన చేతికి వచ్చినపుడు, అక్షరము ఏదని మాత్రమే కాక, అది ఎక్కడ నిలిచియున్నదో చూచుటయు మన పాఠపరిష్కరణ ధర్మములో చేరవలెను.